కనబడని బీరువా

3, మంగళవారం

ఈ పుస్తకం లిఫ్టుల తనిఖీ రాసుకోవడానికి ఆఫీసువాళ్లు ఇచ్చింది. ముందు పేజీలు వాళ్లవి, వెనక పేజీలు నావి. అట్టకి గ్రీజు వాసన కాబట్టి మా ఆవిడ దీన్ని కొనగోటితో కూడా ముట్టుకోదు. ఇంట్లో ఇంతకన్నా భద్రమైన చోటు లేదు.

ఇవాళ కంప్యూటర్ మళ్లీ పరువు తీసింది. మా ఆవిడ మధ్యాహ్నాలు ముందుగదిలో దాని ముందు కూర్చుని పిల్లలకు సంగీతం చెబుతుంది. తెర నిండా చిన్న చిన్న గళ్లలో పిల్లల మొహాలు. ఒక పిల్ల గొంతెత్తిందో లేదో, తెరంతా ఎర్రబడి, జూదం ఆడమని పిలుస్తూ ఒక మీసాలాయన ప్రత్యక్షమయ్యాడు. ఎంత నొక్కినా పోడు. పిల్లలు ఒకటే కేరింతలు. పాఠం అక్కడితో సరి.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను మా బావమరిది వైపు చూశాను. వాడు మా ఆవిడ తమ్ముడు, పై గదిలో ఉంటాడు, పగలంతా ఖాళీ.

"నేను పేకాట తప్ప ఇంకేం ముట్టుకోను బావా" అన్నాడు.

"అదే నేననేదీను. పేకాటా జూదమూ ఒకే తాను ముక్కలు."

ఇవాళ్టినుంచి వాడు కంప్యూటర్ ముట్టుకోకూడదని శాసనం చేశాను. తర్వాత యాంటీవైరస్‌తో మొత్తం వెతికించాను. గంటసేపు వెతికి, "మీ కంప్యూటర్ క్షేమం, లోపాలు సున్నా" అంది. నా ఉద్యోగంలో లోపాలు సున్నా అని రాసినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. వాడు అసలు ఆ బిల్డింగ్ దగ్గరికే వెళ్లలేదు.

4, బుధవారం

ఎవరూ ముట్టుకోకపోయినా కంప్యూటర్ ఫ్యాను పరుగెడుతోంది. పేకాట ఆడిన అలసట కాబోలు.

5, గురువారం

ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడైనా రాసుకుంటాను. నేను పాడతాను.

మా ఆవిడ ముందు ఈ మాట అనలేను. ఆవిడ చెవి అలాంటిది. పక్కింటి కుక్కర్ కూత కూడా శ్రుతి తప్పిందంటుంది. గొంతున్న పిల్లలకి ఆవిడ నోట వచ్చేది ఒకటే మాట: "మళ్లీ". తప్పు పాడితే మళ్లీ, సరిగ్గా పాడినా మళ్లీ. ఆశ వదిలేసుకున్న పిల్లలకి మాత్రం నవ్వుతూ, "బాగుందమ్మా, చాలు" అంటుంది. ఆ పిల్లల తల్లిదండ్రులు మురిసిపోతారు. లోగుట్టు నాకొక్కడికే తెలుసు.

పెళ్లయిన కొత్తలో వాళ్లింట్లో అందరూ కూర్చుని నన్ను పాడమన్నారు. పాడాను. మా ఆవిడ ఎంతో మర్యాదగా నవ్వి, "బాగుందండీ, చాలు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ తర్వాత ఇంట్లో కూనిరాగం కూడా తీయలేదు. స్నానాల గదిలో సైతం నోరు మూసుకునే స్నానం చేస్తాను. కానీ గొంతు ఊరుకోదు కదా. లిఫ్టు తనిఖీ అంటే ఖాళీ లిఫ్టును కిందనుంచి పైకి, పైనుంచి కిందికి పదేపదే నడిపి చూడాలి. బయట "తనిఖీ జరుగుతోంది" అని బోర్డు. లోపల నేను ఒక్కణ్ణే, చుట్టూ స్టీలు గోడలు. అక్కడ పాడితే ఎవరి గొంతైనా గొంతులాగే వినిపిస్తుంది. ఆఫీసు ఫోనులో రికార్డు చేసుకుని, పాతవాటితో పోల్చి, మెరుగుపడ్డానా లేదా అని చూసుకుంటాను. ఆ ఫోను ప్రతి శుక్రవారం ఖాళీ చేసి అప్పగించాలి. అందుకని పాటలన్నీ ఇంటి కంప్యూటర్‌లో దాచాను.

ఈ ఇంట్లో దాచడమంటే మాటలా? మా బావమరిది కనబడిన ప్రతి ఫైలూ తెరిచి చూసే రకం. అందుకే రెండు నెలల కిందట ఇంటర్నెట్‌లో వెతికి ఒక ప్రోగ్రాం తెచ్చుకున్నాను. దానికేదో నోరు తిరగని పేరుంది, నేను బీరువా అంటాను. ఉచితం. ఏ ఫోల్డర్‌ని అందులో పెడితే అది మాయం. చివరికి కంప్యూటర్‌కే కనబడదట. పైగా ఎంత మర్యాద! లోపలికి వచ్చేముందు యాంటీవైరస్‌ని కాసేపు ఆపమని అడిగింది, ఆపాను. అన్ని అధికారాలూ ఇమ్మంది, ఇచ్చాను. ఇంకేవో రెండు మూడు అడిగింది, చదవకుండానే సరే అన్నాను. ఇన్నాళ్లలో దానివల్ల చిన్న ఇబ్బంది లేదు. ఆ కంప్యూటర్‌లో నమ్మకంగా పనిచేస్తున్నది అదొక్కటే.

6, శుక్రవారం

మా ఆవిడ పేరుమీద పిల్లల తల్లిదండ్రులందరికీ ఒక మెయిల్ వెళ్లింది: "మీ ఒళ్లు చూసుకున్నారా? పది రోజుల్లో సగమైపోండి!" మా ఆవిడ పంపలేదు. కంప్యూటర్ తనంతట తాను పంపింది.

కొందరు నవ్వి ఊరుకున్నారు. ఒకావిడ మాత్రం కాస్త భారీ మనిషి. ఆ మాట నేరుగా మనసుకి తీసుకుంది. "మా అమ్మాయికి సంగీతం చెప్పమన్నాం గానీ నన్ను తూకం వేయమన్నామా?" అని ఫోనులో కడిగిపారేసి పిల్లని మాన్పించేసింది. అది "మళ్లీ" అనిపించుకునే పిల్ల. మా ఆవిడ ఇవాళ అన్నం సరిగా తినలేదు.

నాకు బావమరిది మీద ఒళ్లు మండిపోయింది.

7, శనివారం

మా ఆవిడ వాళ్ల అక్కకి ఫోన్ చేసింది. నాకు వదినగారు. ఆసుపత్రుల కంప్యూటర్లను చూసుకునే ఆఫీసులో పెద్ద ఉద్యోగం. మా వదిన రావడమంటే డాక్టరూ పోలీసూ ఒకే ఆటోలో దిగినట్టు.

"రేపొస్తున్నా మరిదిగారూ. ఈలోగా దాన్ని ముట్టుకోకండి, మీ చెయ్యి అసలే గ్రీజు చెయ్యి" అంది.

8, ఆదివారం

వదిన వచ్చింది. కాఫీ కూడా తాగకుండా కుర్చీలో కూర్చుని, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరిచింది. పెద్దగా ఏవీ లేవంది జాబితా. ఫ్యానేమో కొండెక్కుతున్న లారీలా రొద పెడుతోంది. ఇంటర్నెట్ పెట్టె మీద పచ్చ దీపం ఆగకుండా మిణుకుమంటోంది.

"ఏ పనీ లేనివాడికి ఇంత ఆయాసమెందుకే?" అని మా ఆవిణ్ణి అడిగింది.

తర్వాత నా వైపు తిరిగింది. "మరిదిగారూ, ఇది మామూలు వైరస్ కాదు. రూట్‌కిట్ అంటారు. సిస్టమ్ వేళ్లలోకి దిగి కూర్చుంటుంది. మీరు కంప్యూటర్‌ని ఏమడిగినా జవాబు దీని చేతిమీదుగానే వస్తుంది. లోపల ఎవరెవరున్నారని అడిగితే తన పేరు కొట్టేసి మిగతా జాబితా చూపిస్తుంది. యాంటీవైరస్ అడిగినా అదే జాబితా."

"అంటే దొంగనే కాపలా పెట్టి, దొంగలొచ్చారా బాబూ అని వాణ్ణే అడిగినట్టు" అన్నాడు బావమరిది. "ఊరికే అన్నారా, ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని!"

వాడి నోట ఆ సామెత! సిగ్గన్నా ఉండాలి.

నాకు మాత్రం విషయం చప్పున అర్థమైంది. మా పనిలోనూ ఇదే. లిఫ్టు లోపలి అంకె నాలుగో అంతస్తు అంటుంది. లిఫ్టేమో రెండుకీ మూడుకీ మధ్య వేలాడుతుంటుంది. అంకెను నమ్మినవాడు కాలు బయట పెట్టి చస్తాడు. అందుకే మేం అంకె చూడం. డాబా మీది మెషిన్ గదికెక్కి, తాడుమీద పసుపు రంగుతో వేసిన గీతలు చూస్తాం. తాడు అబద్ధం చెప్పదు.

"అయితే బయటినుంచి చూడాలన్నమాట!" అన్నాను హుషారుగా. ఆ హుషారే నా కొంప ముంచింది.

"శభాష్ మరిదిగారూ. లోపలి సిస్టమ్‌ని నిద్ర లేపకుండా నా పెన్‌డ్రైవ్‌తో మెషిన్‌ని మొదలెడతా. లోపలినుంచి కనబడే జాబితా ఒకటి, బయటినుంచి కనబడేది ఒకటి. రెండూ పక్కపక్కన పెడితే ఎక్కడ తేడా వస్తే అక్కడ దొంగ దాక్కున్నట్టు."

"అన్నీ కనబడతాయా వదినా?"

"అన్నీ."

"అంటే, ఎవరైనా కావాలని దాచుకున్నవి కూడానా?"

"పెన్‌డ్రైవ్‌కి మొహమాటముండదు మరిదిగారూ."

అప్పుడు వెలిగింది నాకు. బయటినుంచి చూస్తే నా పాటలు కనబడతాయి. కనబడితే మా బావమరిది ఒకటి తెరుస్తాడు. తెరిస్తే మా ఆవిడ వింటుంది. విని, నవ్వి, "బాగుందండీ, చాలు" అంటుంది. ఆ మాట ఇంకోసారి వినే శక్తి నాకు లేదు.

"ఈ కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రాలు పనిచెయ్యవు వదినా" అన్నాను.

"మరి మౌస్ దేనికి తగిలించారు?"

అందరూ మౌస్ వైపు చూశారు. నేనూ ఇప్పుడే చూసినట్టు చూశాను.

అదృష్టం కొద్దీ, పెన్‌డ్రైవ్ నుంచి మొదలవ్వాలంటే ముందు ఒక పాస్‌వర్డ్ చెప్పాలి. బావమరిదికి భయపడి ఎప్పుడో నేనే పెట్టాను. మర్చిపోయానన్నాను.

"మీరా?" అంది మా ఆవిడ. "ఏ బిల్డింగ్‌లో ఏ లిఫ్టుకి ఏ సంవత్సరంలో తాడు మార్చారో నిద్రలో లేపి అడిగినా చెబుతారుగా? మన పెళ్లిరోజొక్కటే మీకు గుర్తుండంది."

వదిన లేచింది. "వచ్చే ఆదివారం వస్తా. ఈలోగా గుర్తు తెచ్చుకోండి. ఇంటర్నెట్ తీగ పీకేయండి. ఇందులో పెట్టిన పెన్‌డ్రైవ్ ఇంకే మెషిన్‌లోనూ పెట్టకండి. చెల్లీ, నీ పాఠాల రికార్డింగులు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి తమ్ముడితో పంపించు. మా ఆఫీసులో దేనితోనూ కలపని మెషిన్ ఒకటుంది, అందులో చూసి, శుభ్రంగా ఉన్నవి నీ ఫోనుకి పంపుతా. నీ బతుకుతెరువు ఆగకూడదు కదా."

వారం రోజుల గడువు దొరికింది. చాలు.

9, సోమవారం

మా ఆవిడ ఫోనులో పాఠాలు చెబుతోంది. పిల్లల మొహాలు బఠాణీ గింజలంత కనబడుతున్నాయి. ఎవరు పాడుతున్నారో తెలియక ఒకరి తప్పుకి ఇంకొకర్ని కేకలేసింది. దీనికంతకీ కారకుడు పై గదిలో హాయిగా నిద్రపోతున్నాడు.

10, మంగళవారం

ఆఫీసులో ఒక ఫిర్యాదు ఇచ్చి పంపారు. ఎనిమిదంతస్తుల బిల్డింగ్, పోయినవారం నేను తనిఖీ చేసిందే. ఐదో అంతస్తు పెద్దావిడ రాసింది: "లిఫ్టు నడిచేటప్పుడు లోపల ఏదో ఒరుసుకుంటున్నట్టు మూలుగు. ముఖ్యంగా కిందికి దిగేటప్పుడు. భయంగా ఉంది."

వెళ్లాను. పట్టాలకి నూనె పెట్టాను. బ్రేకులు చూశాను. అరిగినదేమీ లేదు. పెద్దావిడ తలుపు దగ్గరే నిలబడి, "సరిగ్గా పోయిన బుధవారం పొద్దున్న వచ్చింది బాబూ ఆ చప్పుడు. మధ్యలో ఆగి దగ్గింది కూడా" అంది.

రిపోర్టులో ఇలా రాశాను: "శబ్దానికి కారణం తెలిసింది. ఇకపై రాదు."

11, బుధవారం

వదిన వచ్చేలోగా పాటల్ని బయటికి తీసేసుకుంటే గొడవ వదులుతుందని తట్టింది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో.

మా ఆవిడ కూరలకు వెళ్లగానే కొత్త పెన్‌డ్రైవ్ పెట్టి, బీరువా తెరిచి, "లిఫ్టు" అనే నా ఫోల్డర్‌ని అందులోకి కాపీ చేశాను. పూర్తయిందంది. పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే ఖాళీ. ఇంకోసారి చేశాను. పూర్తయిందంది. ఖాళీ. మూడోసారి చేస్తే చోటు చాలదంది. ఖాళీ పెన్‌డ్రైవ్‌లో చోటు చాలకపోవడమేమిటి? షాపువాడు పాడైన సరుకు అంటగట్టాడు. సొరుగులో పడేశాను.

12, గురువారం

మా ఆవిడ సొరుగులోంచి అదే పెన్‌డ్రైవ్ తీసి తన పాఠాలు ఎక్కించుకుంటోంది. "ఏవండీ, ఇందులో ఏమీ లేకపోయినా ముప్పాతిక నిండిపోయిందంటుందేంటి?" అంది.

"అది పాడైపోయింది, పారెయ్" అన్నాను.

"నా పాఠాలు పట్టాయిగా, చాలు" అని తమ్ముడి చేతికిచ్చి వాళ్లక్కకి పంపింది. ఆడవాళ్లు ఏదీ పారేయనివ్వరు.

13, శుక్రవారం

వదిన ఫోన్ చేసింది. పాఠాలు శుభ్రంగా ఉన్నాయట, మా ఆవిడ ఫోనుకి పంపిందట. తర్వాత ఫోను నాకిమ్మంది.

"మరిదిగారూ, ఉద్యోగమెలా ఉంది? లిఫ్టులన్నీ కులాసాగా ఎక్కి దిగుతున్నాయా?"

"మీ దయవల్ల బానే ఉన్నాయి వదినా."

"అదే కావాలి" అని పకపకా నవ్వింది. ఎప్పుడూ ఎత్తిపొడిచే మనిషి నా ఉద్యోగం గురించి ఇంత ఆప్యాయంగా అడగడం ఇదే మొదటిసారి. వయసుతో పాటు మంచితనం వస్తుందంటారు, నిజమే.

14, శనివారం

మా ఆవిడ పొద్దుటినుంచి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వంటింట్లో ఏదో వింటోంది. మధ్యలో ఆపుతుంది. గట్టుమీద వేళ్లతో తాళం వేస్తుంది. తల అడ్డంగా ఊపుతుంది. పాత బిల్లు వెనక ఏదో రాసుకుంటుంది. మళ్లీ మొదటినుంచి పెడుతుంది.

"ఎవరది?" అన్నాను.

"ఒకళ్లున్నార్లెండి" అంది.

ఎవరో పాపం, గట్టిగానే తప్పులు పాడి ఉంటారు. అన్నిసార్లు తల ఊపించుకున్న మనిషిని తల్చుకుంటే జాలేసింది. ఒకసారి మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కూర అడుగంటింది. అడిగితే ఉల్లిపాయలంది. కూరలో ఉల్లిపాయలు లేవు.

15, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

వదిన స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చింది. "పాస్‌వర్డ్ గుర్తొచ్చిందా? రాకపోతే పెట్టె విప్పి లోపలి చిన్న బ్యాటరీ పీకేస్తా, పాస్‌వర్డ్ దానంతటదే పోతుంది."

ఎవరైనా మెషిన్‌ని అనవసరంగా విప్పుతుంటే నేను చూడలేను, అది నా బలహీనత. "గుర్తొచ్చింది" అన్నాను. నేనే కొట్టాను.

"ఏంటది?" అంది వదిన.

"మా పెళ్లి తేదీ."

మా ఆవిడ నా వేళ్ల వైపే చూస్తోంది. వదిన మాత్రం ఊరుకుంటుందా? "అంటే పెళ్లిరోజు మర్చిపోయానని చెప్పి వారం రోజులు నెట్టుకొచ్చారా! గట్టివారే."

మెషిన్ పెన్‌డ్రైవ్‌తో మొదలైంది. వదిన రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టింది. బయటి జాబితా పొడుగ్గా ఉంది.

"ఇదిగో దొంగ. సిస్టమ్ ఫైలు వేషంలో కూర్చుంది. వచ్చింది రెండు నెలల కిందట. సరిగ్గా అదే నిమిషంలో ఇంకోటి కూడా వచ్చింది, దొంగని మోసుకొచ్చింది అదే. ఫోల్డర్లు దాచిపెట్టే ప్రోగ్రాం. ఎవరు తెచ్చారు దీన్ని?"

నేను మౌస్ తీగకున్న ముడి విప్పడం మొదలెట్టాను.

"నాకైతే దాచుకునేంత ఆస్తులేం లేవక్కా" అన్నాడు బావమరిది.

బీరువా. నా బీరువా! అన్ని తాళాలూ నా చేత్తో నేనే ఇచ్చాను. నా పాటల మీద ఏ ముసుగు కప్పిందో, అదే ముసుగు కింద జూదం మీసాలాయన్నీ ఒళ్లు తగ్గించేవాళ్లనీ కూర్చోబెట్టుకుంది. అంకెను నమ్మొద్దని ఊరందరికీ చెప్పేవాణ్ణి, "ఇక్కడేమీ లేదు" అని అది చెబితే నమ్మాను.

"ఆఫీసు కాగితాలు భద్రంగా ఉంటాయని..." అన్నాను.

"బావా, పన్నెండు రోజులు నాకు పేకాట లేదు" అన్నాడు వాడు. చూపుతోనే క్షమాపణ చెప్పాను. అయినా న్యాయంగా ఆలోచిస్తే, వాడు ప్రతి ఫైలూ తెరిచే రకం కాకపోతే నాకు బీరువా అవసరమే ఉండేది కాదు. ఆ లెక్కన మూలకారణం వాడే. ఈ ముక్క పైకి అనలేదు.

వదిన చేతులు దులుపుకుంది. "వేళ్లదాకా దిగినదాన్ని పీకేశాం, పూర్తిగా పోయిందని ఎవరన్నా నేను నమ్మను. మొత్తం తుడిచేసి సిస్టమ్ కొత్తగా వేస్తా. పాత ప్రోగ్రాములు ఒక్కటీ వెనక్కి రావు. పాస్‌వర్డులన్నీ నా లాప్‌టాప్‌లో ఇప్పుడే మార్చేయండి, ఇందులో కాదు. మీ సొంత ఫైళ్లు మాత్రం చూసి ఉంచుతా. ఇక్కడ 'లిఫ్టు' అని ఒక ఫోల్డర్ దాక్కుని ఉంది. ఉంచనా, తుడవనా?"

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. తెరవైపు చూడట్లేదు. నా వైపే చూస్తోంది.

నాది అనే ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో ఆ పాత చప్పట్లన్నీ చెవుల్లో మోగాయి.

"లిఫ్టుల చప్పుళ్లు అవి. ఆఫీసువి. తుడిచేయండి" అన్నాను.

"ఖాయమా మరిదిగారూ?"

"ఖాయమే."

మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడయ్యాయి.

తుడిచేశారు. జలుబు చేసినప్పుడు పాడిందొకటి, నాకు నేనే శభాష్ అనుకున్నదొకటి, మా నాన్న చనిపోయిన నెలలో పాడిందొకటి. ఆ చివరిదాన్ని నేనూ రెండోసారి వినలేదు. ఎప్పుడో వినొచ్చులే అనుకున్నాను. ఇప్పుడు ఏడుపొస్తోంది.

16, సోమవారం

కంప్యూటర్ చప్పుడు చేయకుండా పనిచేస్తోంది. మా ఆవిడా అంతే.

17, మంగళవారం

"ఉప్పు సరిపోయిందా?" అని మాత్రం అడిగింది. బీరువా తెచ్చినందుకు ఇంకా కోపంగా ఉన్నట్టుంది. కోపం న్యాయమే. ఆ భారీ మనిషి దగ్గరికి నేనే వెళ్లి, ఆ మెయిల్ దొంగ ప్రోగ్రాం పనే, ఆ ప్రోగ్రాం తెచ్చింది నేనే అని చెప్పి వచ్చాను. ఆవిడ తమ బిల్డింగ్ లిఫ్టులో ఎంతమంది ఎక్కొచ్చని అనుమానంగా అడిగింది. పదిమంది బరువు ఎక్కొచ్చు, మీరెప్పుడైనా నిక్షేపంగా ఎక్కండి అన్నాను. చెప్పాక, అలా అనకుండా ఉండాల్సిందేమో అనిపించింది. అయినా నవ్వింది. పిల్లని రేపటినుంచి పాఠానికి కూర్చోబెడుతుందట.

ఇవాళ మూడు లిఫ్టులు తనిఖీ చేశాను. ఒక్కదాంట్లోనూ పాడలేదు.

18, బుధవారం

పాఠాలు మళ్లీ ముందుగదిలో, పెద్ద తెరమీద. ఆ పిల్ల తిరిగొచ్చింది. ఆరుసార్లు "మళ్లీ" అనిపించుకుని దీపంలా వెలిగిపోయింది.

పాఠం అయ్యాక మా ఆవిడ కంప్యూటర్ ఆపేసి, "ఇలా వచ్చి కూర్చోండి" అంది. ఎదురుగా పిల్లలు ఎవరైనా ఇంటికి వచ్చి నేర్చుకుంటే కూర్చునే పీట. కూర్చున్నాను. తన ఫోను తీసి ఏదో నొక్కింది.

"తలుపులు మూసుకుంటున్నాయి" అంది లిఫ్టు గొంతు. వెనకాలే నా గొంతు అందుకుంది.

నా చెవులు కాలిపోయాయి. "తుడిచేశారుగా! ఇదెక్కడిది?"

"మీరు పాడైపోయింది, పారెయ్ అన్న పెన్‌డ్రైవ్‌లోది. మన కంప్యూటర్‌లో ఖాళీగా కనబడింది, అక్క ఆఫీసులో నిండుగా కనబడింది. ఆ పేరున్న ఫోల్డర్ ఎక్కడున్నా మీ బీరువా మన కళ్లకి కనబడనివ్వలేదట. అక్క పాఠాలతో పాటు వీటినీ పంపించింది. ఒక్కోటి రెండేసిసార్లు ఉన్నాయి."

అంటే శనివారమంతా వంటింట్లో తల ఊపించుకున్న ఆ పాపం మనిషిని నేనే.

"తెలిసి కూడా ఆదివారం మాట్లాడలేదేం?"

"నావే అని మీ అంతట మీరంటారేమోనని చూశా. లిఫ్టుల చప్పుళ్లన్నారు. నాకెంత కష్టమేసిందో తెలుసా? ఇంట్లో మనిషిని పెట్టుకుని, ఇన్నేళ్లూ లిఫ్టుల్లో దూరి పాడతారా ఎవరైనా?"

"నువ్వే కదా అప్పుడు అన్నావు, బాగుందండీ చాలు అని. మీవాళ్లందరి ముందూ."

"ఎప్పుడు?"

చెప్పాను. ఎవరెక్కడ కూర్చున్నారో, ఏ పాటో, ఎవరు ముందు చప్పట్లు కొట్టారో, అన్నీ చెప్పాను. మా ఆవిడ చాలాసేపు ఆలోచించింది.

"నిజంగా గుర్తులేదండీ. కాఫీలు చల్లారిపోతున్నాయని అన్నానేమో."

కాఫీలు! నా సగం జీవితం స్టీలు గోడల మధ్య గడిచిపోవడానికి కాఫీలు చల్లారడం కారణమా? కోపం రావాలి. నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. నవ్వుతూనే పాత బిల్లు తీసి, వెనక రాసుకున్నది చదవడం మొదలెట్టింది. ఊపిరి చాలట్లేదట. పదాల చివర మింగేస్తున్నానట.

"ముఖ్యంగా లిఫ్టు దిగేటప్పుడు మీ శ్రుతి కూడా దాంతోపాటే దిగిపోతోంది. ఎక్కేటప్పుడు బానే ఉంటోంది."

ఐదో అంతస్తు పెద్దావిడ గుర్తొచ్చింది. అన్నీ వరసగా చదివి, బిల్లు మడిచింది.

"ఒక్కదానికి మాత్రం ఏం రాసుకోలేదు. మావయ్యగారు పోయినప్పుడు పాడినట్టున్నారు. అందులో దిద్దడానికేం లేదు."

కూర అడుగంటింది దేనికో అప్పుడు తెలిసింది.

"ఊఁ, పాడండి" అంది.

ఇక్కడ స్టీలు గోడలు లేవు. బోర్డు లేదు. మెట్లమీద బావమరిది చెవులు రిక్కించుకుని కూర్చున్నాడని వాడి చెప్పులు చెబుతున్నాయి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. మొదటి మాటకే ఊపిరి చాలలేదు. రెండోచోట పదం చివర మింగేశాను. చివర్లో ఏ లిఫ్టూ దిగకపోయినా నా శ్రుతి దిగిపోయింది. ఎలాగో పూర్తిచేసి తలెత్తి చూశాను. ఆ మర్యాద నవ్వు కోసం, ఆ రెండు మాటల కోసం కాచుకుని కూర్చున్నాను.

మా ఆవిడ నవ్వలేదు. కళ్లు మూసుకుని, వేళ్లతో తాళం పట్టుకునే ఉంది.

"మళ్లీ" అంది.